గుంపుగా బతికే మఖ్మల్ సాలీడు: గూడు పట్టుకోవడం నుంచి జాతి పేరు తేల్చడం దాకా

మఖ్మల్ సాలీడు అనగానే చాలామంది తొలకరికి నేల మీద పాకే ఎర్రటి ఆరుద్ర పురుగు ఫొటో పంపి "ఇదేనా?" అంటారు. కాదు. ఆరుద్ర పురుగు గోమార్లకు దగ్గరి చుట్టమైన నల్లి (ఇంగ్లిష్‌లో మైట్; మంచాల్లో ఉండే నల్లి కాదు). దాని ఒళ్లంతా ఒకటే ముద్ద, నడుము కనిపించదు. సాలీడుకు తల, ఛాతీ కలిసిన ముందుభాగం ఒకటి, పొట్ట ఒకటి, రెంటికీ మధ్య సన్నటి నడుము ఉంటాయి. ముందు ఈ తేడా చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

మఖ్మల్ సాలీళ్ల కుటుంబం పేరు ఎరెసిడే. ఇక్కడ చెప్పేది అందులోని స్టెగోడైఫస్ ప్రజాతి గురించి. దీంట్లో దాదాపు 20 జాతులున్నాయి. వాటిలో మూడే జీవితాంతం ఒకే గూట్లో గుంపుగా ఉంటాయి: స్టెగోడైఫస్ సరాసినోరం, స్టెగోడైఫస్ డ్యూమికోలా, స్టెగోడైఫస్ మిమోసారం. మిగతావి పెద్దయ్యాక దేని దారి దానిదే. ఎక్కువమంది అడిగేది రెండు విషయాలు: గూడు కనిపిస్తే పేరు ఎలా తేల్చాలి, గూడు చెడకుండా ఎలా గమనించాలి. ఆ వరుసలోనే వెళ్దాం.

## 1. బయల్దేరే ముందు

సరంజామా పెద్దదేం కాదు.

- 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం
- తలకు కట్టుకునే లైటు, దాని మీద కప్పడానికి ఎర్రటి పలుచని కాగితం
- మూతలున్న పారదర్శకమైన చిన్న సీసాలు నాలుగు, కాస్త దూది
- నీటిరంగులకు వాడే మెత్తటి సన్న కుంచె
- మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు
- దగ్గరి ఫొటోలు తీయగల ఫోను లేదా కెమెరా
- నోటు పుస్తకం, పెన్సిల్ (పెన్ను వద్దు, సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది)
- పొడవు చేతుల చొక్కా

చివరిది సాలీడు కోసం కాదు, ముళ్ల కోసం. ఈ సాలీళ్లు మనుషుల జోలికి రావు, అలాగని అరచేతిలో పెట్టుకుని ఆడించాల్సిన పనీ లేదు.

అభయారణ్యంలో గానీ జాతీయ ఉద్యానంలో గానీ వెతకాలంటే ముందే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. పొలం గట్టు మీదైతే ఆ రైతును అడగండి. నమూనా తీసుకునే ఉద్దేశం ఉంటే ఆ మాట కూడా అప్పుడే చెప్పండి.

## 2. ఎక్కడ వెతకాలి

దట్టమైన అడవి వీళ్ల చోటు కాదు. పొడి నేలలు, ముళ్ల పొదలు, తుమ్మ లాంటి చెట్లు, కంచెలు, పొలాల చుట్టూ ఉండే జీవకంచెలు చూడండి. ఎండ బాగా తగిలే కొమ్మల చివర్లను ముందు చూడాలి. మోకాలి ఎత్తు నుంచి తల పైదాకా ఎక్కడైనా ఉండొచ్చు.

ఏ జాతి ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది.

- సరాసినోరం: భారత్, శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, మయన్మార్. దీని మీద జరిగిన ప్రవర్తన పరిశోధనల్లో కొన్నింటికి కాలనీలు కుప్పం చుట్టుపక్కల పొదల నుంచి తెచ్చినవే.
- డ్యూమికోలా: మధ్య, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలు.
- మిమోసారం: ఆఫ్రికా, మడగాస్కర్.
- లీనియాటస్ (ఒంటరిది): దక్షిణ యూరప్ నుంచి మధ్య ఆసియా దాకా.
- పసిఫికస్ (ఒంటరిది): జోర్డాన్ నుంచి ఇరాన్, పాకిస్తాన్ మీదుగా భారత్ దాకా.
- టిబియాలిస్ (ఒంటరిది): భారత్, మయన్మార్, థాయ్‌లాండ్, చైనా.

పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు సూర్యుడికి ఎదురుగా నడవండి. వెలుగు వల వెనక నుంచి పడితే దారాలు మెరుస్తాయి. అదే వల పక్కనుంచి మిట్టమధ్యాహ్నం నడిచిపోయినా కనిపించదు.

ఒక గూడు దొరికితే చుట్టూ ఇరవై ముప్పై అడుగుల దూరం వదలకుండా చూడండి. కాలనీ పెరిగినప్పుడు కొన్ని సాలీళ్లు పక్క కొమ్మకు పాకి కొత్త గూడు పెడతాయి, అందుకే గూళ్లు గుంపుగుంపులుగా దొరుకుతాయి. ఒంటరి గూడు దొరికితే దాన్ని గాలివాటున వచ్చిన ఆడది మొదలుపెట్టి ఉండొచ్చు. కడుపుతో ఉన్న ఆడవి దారాలు గాల్లోకి వదిలి ఎగిరిపోవడం డ్యూమికోలాలో చూశారు.

## 3. గూడు చదవడం

ఈ గూటికి రెండు భాగాలుంటాయి. మొదటిది నివాసం: ఆకులు, పుల్లలు, తిని వదిలేసిన పురుగుల డొల్లలు కలిపి అల్లిన బూడిదరంగు ముద్ద. పిడికిలంత నుంచి కొబ్బరికాయంత ఉంటుంది, కొన్ని ఇంకా పెద్దవి. ముట్టుకుంటే స్పాంజిలా ఉంటుంది. పైన వేలు దూరేంత కన్నాలు కనిపిస్తాయి, లోపల సొరంగాలే సొరంగాలు.

రెండోది వేట వల: నివాసం నుంచి పక్క కొమ్మలకు దుప్పటి పరిచినట్టు సాగిన పలుచని తెర. గుండ్రటి చక్రం ఆకారం ఉండదు. చక్రంలా ఉంటే అది వేరే సాలీడు.

ఇప్పుడు గడ్డిపోచ పరీక్ష. ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. పొడి గడ్డిపోచ తీసుకుని, దాని కొసను వేట వలలోని ఒక దారానికి ఆనించి మెల్లగా వెనక్కి లాగండి.

- దారం పోచను పట్టుకుని సాగుతూ వస్తుంది, పోచ మీద తడి లేదు: ఇది ఉన్నిదారం. స్టెగోడైఫస్ కావచ్చు.
- దారం జిగటగా అంటుకుంది, భూతద్దంలో పూసల్లా బొట్లు కనిపించాయి: బంకదారం. మామూలు చక్రవల సాలీడు.
- దారం అసలు అంటుకోలేదు, జారిపోయింది: చాలావరకు గుడారం వల అల్లే సిర్టోఫోరా. అవీ గుంపులుగానే ఉంటాయి కాబట్టి ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

భూతద్దం కింద తాజా ఉన్నిదారం చూడండి. మధ్యలో రెండు మూడు గట్టి పోగులు, వాటి చుట్టూ ఏకిన దూదిలా లేత నీలంగా మెరిసే పొర. ఆ దూదిలో పురుగు కాళ్ల వెంట్రుకలు, గోళ్లు చిక్కుకుంటాయి. బంకతో పనే లేదు. దుమ్ము పడితే ఆ పొర అణిగిపోయి పట్టు తగ్గుతుంది. అందుకే సాలీళ్లు సాయంత్రం కాగానే కొత్త దారం వేయడానికి బయటికొస్తాయి. పరీక్ష పాత దారం మీద చేసి "అంటుకోలేదు" అని రాసేస్తే తప్పు పేరుకు వెళ్తారు. నీలపు మెరుపున్న దారాన్నే ఎంచుకోండి.

ఆకులు కుట్టుకునే ఎర్రచీమల గూటికీ, గొంగళిపురుగుల పట్టు సంచికీ వేట వల ఉండదు. అవి ఇక్కడితో పక్కకు పోతాయి.

## 4. ఇది స్టెగోడైఫసేనా?

ఉన్నిదారం తీసే సాలీళ్లు ఇంకా చాలా ఉన్నాయి. కాబట్టి ఒక్కదాన్ని దగ్గరగా చూడక తప్పదు.

చీకటి పడే వేళ వల అంచున సీసా పట్టుకుని, పైకొచ్చిన సాలీడును కుంచెతో మెల్లగా అందులోకి తోయండి. దూది ముద్దతో దాన్ని సీసా అడుక్కి, కదలకుండా ఆగేంత మాత్రమే, ఆనించి పట్టండి. గట్టిగా నొక్కితే పొట్ట పగులుతుంది. అడుగు గాజులోంచి భూతద్దంతో చూడండి.

కళ్లు. ఎనిమిది. ముఖం మధ్యలో నాలుగు దగ్గరదగ్గరగా, ముందు రెండు మూలల్లో చెరొకటి, మిగతా రెండూ వీపు మీద బాగా వెనక్కి. ఈ దూరమే అసలు గుర్తు. గోడ పగుళ్లలో ఉండే ఫిలిస్టాటిడే సాలీళ్లకూ ఉన్నిదారమే, కానీ వాటి ఎనిమిది కళ్లూ ఒకే చిన్న దిబ్బ మీద గుమిగూడి ఉంటాయి.

ముందుభాగం. గుండ్రంగా కాక, దీర్ఘచతురస్రంలా, ముందువైపు వెడల్పుగా ఉంటుంది. దాని మీద పొట్టి వెంట్రుకలు ఒత్తుగా పరుచుకుని ఉంటాయి. మఖ్మల్ అన్న పేరు అందుకే.

జల్లెడ పలక. పొట్ట కింద, దారం తీసే మొటిమలకు కాస్త ముందు అడ్డంగా ఉండే చిన్న పలక. దీన్ని క్రిబెల్లం అంటారు. మధ్యలో గీతతో రెండు ముక్కలుగా ఉంటుంది.

దువ్వెన. నాలుగో జత కాళ్ల మీద, చివరి కణుపుకు ముందున్న కణుపు పైన వంగిన వెంట్రుకల వరుస. జల్లెడ పలక నుంచి వచ్చే సన్నటి పోగుల్ని దీనితోనే ఏకుతుంది. వయసొచ్చిన మగదాంట్లో పలకా దువ్వెనా రెండూ అరిగిపోయినట్టుంటాయి. కాబట్టి ఈ రెండు గుర్తులూ ఆడదాంట్లో గానీ పిల్లలో గానీ చూడండి.

కళ్లూ పలకా సరిపోయాక కుటుంబం ఖాయం. ఇక ప్రజాతి. ఎరెసస్ నేలలో బొరియ చేసుకుంటుంది, దాని మగది ఎర్రటి పొట్ట మీద నల్లచుక్కలతో మెరుస్తుంది. సియోథైరా దక్షిణ ఆఫ్రికా ఇసుకలో ఉంటుంది. గాండనమేనో చెట్టు బెరడు కింద, రాళ్ల కింద దొరుకుతుంది. కొమ్మల మధ్య గాల్లో వల కట్టి, పట్టు నివాసం అల్లుకుందంటే స్టెగోడైఫస్ అని ధైర్యంగా రాయొచ్చు.

చూశాక సాలీడును పట్టిన గూటి దగ్గరే వదలండి.

## 5. జాతి పేరు తేల్చడం

ఇక్కడే తొందరపడతారు. రంగు చూసి జాతి చెప్పకండి. బూడిద, గోధుమ, తెలుపు చారలు జాతి జాతికీ కలగలిసిపోతాయి, వయసుతోనూ మారతాయి. ఈ వరుసలో వెళ్లండి.

మొదట, ఎన్ని ఉన్నాయి? ఒకే గూట్లో వయసొచ్చిన ఆడవి చాలా ఉంటే అది ఆ మూడు జాతుల్లో ఒకటి. కానీ చిన్న పిల్లలు గుంపుగా కనిపిస్తే ఏమీ తేలినట్టు కాదు. లీనియాటస్ లాంటి ఒంటరి జాతుల్లో కూడా పిల్లలు కొన్నాళ్లు కలిసే ఉండి తర్వాత విడిపోతాయి.

రెండోది, చోటు. భారత్‌లో పెద్ద ఆడవి గుంపుగా కనిపిస్తే ఆ మూడింట్లో ఇక్కడ ఉండేది సరాసినోరం ఒక్కటే. దక్షిణ ఆఫ్రికాలో అలా కుదరదు, డ్యూమికోలా, మిమోసారం రెండూ ఉంటాయి.

మూడోది, ఒంటరిదైతే కాళ్లు, వీపు. టిబియాలిస్ మగదాని ముందు కాళ్ల మీద సీసాలు కడిగే బ్రష్షులా నల్లటి గుబురు వెంట్రుకలుంటాయి. లీనియాటస్ పొట్ట మీద నిలువు ముదురు గీతలుంటాయి, పేరు వాటివల్ల వచ్చిందే.

నాలుగోది, సూక్ష్మదర్శిని. మిగతా అన్నింటికీ పక్కా సాక్ష్యం ఇదొక్కటే. ఆడదైతే పొట్ట అడుగున జననాంగాన్ని కప్పే గట్టి పలక ఆకారం, మగదైతే ముఖం పక్కనున్న స్పర్శపాదాల చివరి ఉబ్బు నిర్మాణం చూస్తారు. పిల్ల సాలీళ్లలో ఇవి తయారై ఉండవు. ఎంత మంచి ఫొటో తీసినా పిల్లతో జాతి తేలదు.

గుంపు జాతుల్లో ఒక్కోదానికి ఒంటరి చుట్టం ఒకటుంది: సరాసినోరానికి పసిఫికస్, డ్యూమికోలాకు టెంటోరికోలా, మిమోసారానికి ఆఫ్రికానస్. గూట్లో ఒకే ఒక్క ఆడది కనిపిస్తే అది ఒంటరి జాతా, లేక కొత్తగా కాపురం పెట్టిన గుంపు జాతా అన్న ప్రశ్న ఈ జంటల మధ్యే వస్తుంది. ఆధారం లేకపోతే "స్టెగోడైఫస్, జాతి తేలలేదు" అని రాసి వదిలేయండి. అలా రాయడం చిన్నతనం కాదు, తప్పు పేరు రాస్తే మాత్రం తర్వాత ఎవరో దిద్దాలి.

నమూనా తప్పదనుకుంటే, అనుమతి ఉంటే, వయసొచ్చిన ఆడది ఒక్కటి చాలు. ఆకారం చూడటానికి 70 నుంచి 80 శాతం ఆల్కహాల్, డీఎన్‌ఏ కోసమైతే 95 శాతం పైన. చోటు, తేదీ, చెట్టు పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలే వేయండి. బయట అంటించినది ఊడిపోతుంది.

## 6. గూడు విప్పకుండా లెక్కపెట్టడం

గూడు కోసి లెక్కపెడితే అంకె పక్కాగా వస్తుంది, కాలనీ పోతుంది. ఇలా చేయండి.

1. నివాసం పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో కొలవండి. స్కేలు గూటికి ఆనించకండి.
2. సూర్యాస్తమయం తర్వాత అరగంటకు వెళ్లి ఎర్ర వెలుతురులో వల మీద కనిపించేవి లెక్కపెట్టండి. పది నిమిషాలకోసారి, ఆరుసార్లు.
3. వరుసగా మూడు సాయంత్రాలు ఇలాగే చేసి, అన్నింట్లోకీ పెద్ద అంకె రాసుకోండి.

వచ్చేది "కనీసం ఇన్ని" అన్న లెక్కే. లోపల ఇంకా ఉంటాయి. అయినా అదే గూటిని నెలనెలా ఇలాగే లెక్కిస్తే పెరుగుతోందా తరుగుతోందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. గాలి బలంగా ఉన్న రోజు, వాన పడిన రోజు లెక్కలు పక్కనపెట్టండి.

## 7. ప్రవర్తన చూడటం: రెండు చిన్న పరీక్షలు

ప్రకంపన పరీక్ష. వేట వలకు బొటనవేలి గోరంత కాగితం ముక్క తగిలించండి. బ్యాటరీతో నడిచే పళ్ల బ్రష్ వెనక్కి సన్నటి తీగ కట్టి, తీగ కొసతో ఆ కాగితాన్ని కదిలించండి. పురుగు పడి కొట్టుకుంటున్నట్టు సాలీళ్లకు అనిపిస్తుంది.

రాసుకోవాల్సినవి: మొదటిది గూటిలోంచి బయటికి రావడానికి ఎన్ని సెకన్లు, మొత్తం ఎన్ని వచ్చాయి, కాగితాన్ని తాకినవి ఎన్ని. నిమిషం దాటి కొనసాగించకండి. ఒక గూటి మీద రోజుకు ఒక్కసారే. మళ్లీ మళ్లీ చేస్తే పట్టించుకోవడం మానేస్తాయి, అప్పుడు మీ అంకెలు మీరు విసిగించిన సంగతినే చెబుతాయి.

గాలి పరీక్ష. ఒక్క సాలీడును చిన్న డబ్బాలో పెట్టి, నెమ్మదించాక, చెవి శుభ్రం చేసే రబ్బరు బుడ్డితో పైనుంచి రెండు సార్లు గాలి ఊదండి. కాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకుంటుంది. మళ్లీ నడక మొదలుపెట్టేదాకా సమయం చూడండి. 10 నిమిషాలు దాటితే ఆపి 600 సెకన్లని రాయండి. ఒకే కాలనీలోనే కొన్ని క్షణాల్లో లేస్తాయి, కొన్ని లేవనే లేవవు. నోటితో ఊదకండి, ఊపిరిలో వేడీ తేమా ఉంటాయి.

ఏది ఎవరో గుర్తుండాలంటే వయసొచ్చిన ఆడవాటి పొట్ట పైన నీటితో కలిపే అక్రిలిక్ రంగు చుక్క పెట్టండి. గడ్డిపోచ కొసకు అంటినంత చాలు. కళ్ల మీద, కాళ్ల మీద, పొట్ట అడుగున పెట్టకూడదు. శ్వాస రంధ్రాలు అడుగునే ఉంటాయి. పిల్లలకు పెట్టి లాభం లేదు, కుబుసంతో పాటే రంగూ పోతుంది.

## 8. నెలనెలా ఏం చూడాలి

తరం ఏడాదికొకటి. తేదీలు ఊరిని బట్టి, వానను బట్టి మారతాయి కాబట్టి క్యాలెండర్ కాక దశలు రాసుకోండి.

- మగవి కనిపించే రోజులు: ఆడవాటికన్నా చిన్నవి, సన్నవి, స్పర్శపాదాల చివర్లు ఉబ్బి ఉంటాయి. గుంపు జాతుల్లో మగవి చాలా తక్కువ, పైగా కొద్దివారాలే ఉంటాయి. వారం తప్పితే ఏడాది తప్పినట్టే.
- గుడ్ల సంచులు: లేత రంగు బిళ్లల్లా ఉంటాయి, ఆడవి పక్కనే కాపలా కాస్తాయి. కన్నం దగ్గర కనిపించినా లాగకండి.
- పిల్లలకు తినిపించడం: సంచిని తల్లే తెరుస్తుంది. పొట్టలోంచి ద్రవం కక్కి నోటికి అందిస్తుంది. గుంపు జాతుల్లో పిల్లలు కనని ఆడవి కూడా ఈ పని చేస్తాయి.
- తల్లిని తినడం: చివరికి పిల్లలు తల్లి ఒంట్లోని రసమంతా పీల్చేస్తాయి. లీనియాటస్‌లో ఇది పిల్లలు సంచి నుంచి వచ్చిన రెండు వారాల ప్రాంతంలో జరుగుతుంది. గూటి బయట ముడుచుకుపోయిన ఆడవాటి డొల్లలు కనిపిస్తే రోగం అనుకోకండి, మందు కొట్టకండి.

చీమల బారు గూటి మీదికి ఎక్కుతుంటే తేదీ వేసి రాయండి. చీమల దాడితో డ్యూమికోలా కాలనీలు తుడిచిపెట్టుకుపోయిన ఉదాహరణలున్నాయి.

## 9. జరిగే తప్పులు, దిద్దుబాట్లు

"వారం నుంచి ఒక్కటీ బయటికి రాలేదు, చచ్చిపోయాయి." పగలు చూసి ఉంటారు. సాయంత్రం గడ్డిపోచ పరీక్ష చేయండి. తాజా ఉన్నిదారం ఉంటే కాలనీ బతికే ఉంది. వల చిరిగి, దారం దుమ్ముపట్టి, రెండు వారాలైనా కొత్తది పడకపోతే ఖాళీ గూడు.

తెల్లటి లైటు వేయగానే అన్నీ లోపలికి పోయాయి. ఆర్పి ఇరవై నిమిషాలు ఆగండి. కాళ్ల చప్పుడు, కొమ్మ కదలిక లైటు కన్నా ఎక్కువ భయపెడతాయి. కొమ్మ పట్టుకుని వంచడం మానండి.

రెండు గూళ్ల సాలీళ్లను ఒకే సీసాలో వేశారు. కొట్లాడుకోవు, పరాయి గూటి వాటినీ చేర్చుకుంటాయి. నష్టమంతా మీ లెక్కలకే. ఒక్కో సీసాకు ఒక్కో గూటి నంబరు వేయండి.

గూడు ఇంటికి తెచ్చారు. కొమ్మతో సహా తిరిగి అదే పొదకు, అదే ఎత్తులో, ఎండ వైపు దారంతో కట్టండి. రాత్రికి కొత్త వల మొదలుపెట్టకపోతే రెండో సాయంత్రం కూడా చూడండి.

ఫొటో పంపితే ఎవరూ పేరు చెప్పలేదు. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో పని జరగదు. కింది జాబితాలోని మొదటి నాలుగు ఫొటోలూ కావాలి.

## 10. నమోదు పంపే ముందు

- మొత్తం గూడు, పక్కన స్కేలుతో
- వేట వల దగ్గరి ఫొటో, ఉన్నిదారం కనిపించేలా
- ముఖం, కళ్లు నేరుగా ఎదురునుంచి
- వీపు, పొట్ట పైభాగం
- తేదీ, సమయం, చోటు అక్షాంశ రేఖాంశాలతో
- చెట్టు లేదా పొద పేరు, గూడు నేల నుంచి ఎంత ఎత్తు
- మూడు సాయంత్రాల్లో పెద్ద అంకె
- పెద్ద ఆడవి, మగవి, పిల్లలు: ఏవి కనిపించాయి, ఏవి కనిపించలేదు
- పేరు ఎంతవరకు తేలింది: కుటుంబమా, ప్రజాతా, జాతా, దేన్ని చూసి తేల్చారు

గూడు రోడ్డు పక్కనే, చేతికి అందేంత ఎత్తులో ఉంటే, బహిరంగంగా పెట్టే నమోదులో ఊరి పేరు వరకే ఇవ్వండి. అక్షాంశ రేఖాంశాలు మీ నోటు పుస్తకంలో ఉంటే చాలు.